వాషింగ్ మెషీన్ మూడుసార్లు రిపేర్, ఇప్పుడు వారంటీ వర్తించదంటున్నారు

ప్రశ్న:
మెషీన్ కొని పది నెలలైంది. నీళ్లు బయటికి పోకుండా డ్రమ్ములోనే నిలిచిపోతున్నాయి. టెక్నీషియన్ మూడుసార్లు వచ్చాడు, మొదట పంపు మార్చాడు, తర్వాత పైపు శుభ్రం చేశానన్నాడు, మొన్నేమో లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు పోయింది, వోల్టేజ్ వల్ల పోయింది కాబట్టి వారంటీ రాదు, డబ్బు కట్టాలి అన్నాడు. షాపువాళ్లు "అమ్మాక మాకు సంబంధం లేదు, కంపెనీతో మాట్లాడుకోండి" అంటున్నారు. మెషీన్ మీద పదేళ్ల వారంటీ అని పెద్ద స్టిక్కర్ ఉంది. అది పనికొస్తుందా?

జవాబు 1:
స్టిక్కర్ మళ్లీ చదవండి, కింద చిన్న అక్షరాల్లో "మోటారుకు మాత్రమే" అని ఉంటుంది. మొత్తం మెషీన్‌కి మామూలుగా ఇచ్చే ఏడాది వారంటీ మీకు ఇంకా దాటలేదు కాబట్టి ఆ స్టిక్కర్‌తో పనే లేదు. వోల్టేజ్ వల్లే పోయిందని జాబ్ షీట్ (టెక్నీషియన్ చేసిన పని రాసిచ్చే కాగితం) మీద రాసి సంతకం పెట్టమనండి. మా ఫ్రిజ్ విషయంలో ఇదే మాటన్న మనిషి, రాసిమ్మనగానే ఆఫీసుకి ఫోన్ చేసి పార్టు ఉచితంగా మార్చి వెళ్లాడు! ఈలోపు బయటి మెకానిక్‌తో మాత్రం విప్పించకండి, మీరే పాడుచేశారంటారు.

జవాబు 2:
షాపువాళ్ల మాట పట్టించుకోకండి. వారంటీ అనేది కంపెనీ తనంతట తాను ఇచ్చే హామీ, చట్టం ఇచ్చే హక్కు దానికి వేరు. మీరు ఏ దేశంలో ఉన్నారో చెప్పలేదు. యూరోపియన్ యూనియన్‌లో అయితే కనీసం 2 ఏళ్లు అమ్మినవాడిదే బాధ్యత. ఇండియాలో అయితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం షాపు మీదా కంపెనీ మీదా కలిపి వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, అదీ మీరు ఉండే జిల్లాలోనే, సమస్య వచ్చిన 2 ఏళ్లలోపు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చూడండి, చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇండియాలోనే ఉన్నానండి. మొదటిసారి వచ్చినప్పుడు జాబ్ షీట్ ఇవ్వలేదు, ఫోన్‌కి మెసేజ్ మాత్రం వచ్చింది. అది సరిపోతుందా?

జవాబు 1:
కంప్లైంట్ నంబరు, తేదీ ఉంటే చాలు, స్క్రీన్‌షాట్ తీసి దాచండి. ఏడాది గడువు దాటకముందే కంపెనీకి, షాపుకి ఇద్దరికీ ఒకే మెయిల్ పెట్టండి: మూడు తేదీలు, బిల్లు కాపీ, నీళ్లు నిలిచిన వీడియో, మార్చి ఇస్తారా డబ్బు వెనక్కిస్తారా అన్న ప్రశ్న. ఫోన్లో ఎంత అరిచినా లాభం లేదు, రేపు చూపించడానికి ఏమీ మిగలదు.

ప్రశ్న అడిగినవారు:
సరే, బిల్లు వెలిసిపోతోంది, ముందు దాన్ని ఫొటో తీస్తా.