సబ్సిడీ కరిగిపోయాక కంట్రోలర్లు ఇక్కడే తయారు చేస్తే గిట్టుతుందా?

పీణ్యా_బోర్డు:
ఎలక్ట్రిక్ స్కూటర్లకు మోటార్ కంట్రోలర్లు (మోటార్‌కు కరెంటు ఎంత వెళ్ళాలో చూసే బోర్డులు) చేయాలని బెంగళూరు పీణ్యాలో చిన్న యూనిట్ ఆలోచన. కేంద్రం సబ్సిడీ పథకం పీఎం ఈ-డ్రైవ్ రెండో ఏడాదికే బండికి సబ్సిడీ గరిష్ఠం 5,000కు దిగింది. చైనా కంట్రోలర్ చవగ్గా దొరుకుతుంటే స్కూటర్ కంపెనీలు మన దగ్గర ఎందుకు కొంటాయి? ఎస్‌ఎంటీ లైన్ (బోర్డు మీద విడిభాగాలు అతికించే యంత్రాలు) పెట్టొచ్చా?

హోసూరు_రోడ్డు:
సబ్సిడీ అంటే కొనేవాడికి తగ్గే ధర ఒక్కటే అనుకుంటే లెక్క తప్పుతుందండి. 3 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఉన్న బండికి 2021 జూన్ తర్వాత పాత పథకం ఫేమ్-2లో కిలోవాట్ అవర్‌కు 15,000 చొప్పున 45,000 దాకా వచ్చేది. 2023 జూన్‌లో రేటు 10,000, పరిమితి ఎక్స్-ఫ్యాక్టరీ ధరలో 15 శాతం అయింది. 2024 ఏప్రిల్ నుంచి బండికి 10,000 మించలేదు. అది కరిగిపోయిన మాట నిజమే.

కానీ మీ సరుకును కొనిపించేది పీఎల్ఐ, అంటే ఉత్పత్తిని బట్టి తయారీదారుకు కేంద్రం ఇచ్చే ప్రోత్సాహకం. ఆటో పీఎల్ఐలో ఎంపికైన కంపెనీకి విద్యుత్ వాహనాల అమ్మకాల మీద 13 శాతం పైనే ప్రోత్సాహకం ఉంది, 2027-28 అమ్మకాల వరకు. లక్ష రూపాయల బండి మీద అది 13,000. మీకు సంబంధించిన ముఖ్య షరతు: బండి ధరలో దేశీయ విలువ (డీవీఏ) 50 శాతం ఉండాలి.

ఆ స్కీములో మీరు నేరుగా చేరలేరు. విడిభాగాల కంపెనీలకే 500 కోట్ల టర్నోవర్ అడిగారు. కాబట్టి మీ కస్టమర్ పీఎల్ఐ జాబితాలో ఉన్నాడా లేదా అన్నది ముందు తేల్చుకోండి. లేకపోతే ధర దగ్గరే బేరం తెగదు.

డీవీఏ_లెక్క:
50 శాతం ఎలా చూస్తారో చెప్తాను. లక్ష బండిలో దిగుమతి 50,000 దాటకూడదు. బ్యాటరీ సెల్స్ దిగుమతికే 25,000 పోయిందనుకోండి, మిగతా బండి మొత్తానికి 25,000 ఉంటుంది. పూర్తి కంట్రోలర్ 6,000కు తెప్పిస్తే మొత్తం దిగుమతి ఖాతాలోకే. మీరు 6,000కు అమ్మే దాంట్లో మాస్‌ఫెట్లు (కరెంటును ఆన్-ఆఫ్ చేసే స్విచ్ చిప్పులు), మైక్రోకంట్రోలర్, కెపాసిటర్లు కలిపి 2,700 దిగుమతి అయితే స్కూటర్ కంపెనీకి 3,300 వెసులుబాటు. మీరు అమ్మేది ఆ 3,300 అన్నమాట.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ మార్కెట్ ఎస్పీ రోడ్డులో రూపాయల బిల్లు మీద కొన్న మాస్‌ఫెట్ స్వదేశీ అయిపోదు. బిల్లు ఎక్కడిదైనా సరుకు పుట్టింది ఎక్కడో చూస్తారు. ప్రతి సప్లయర్ దగ్గరా దిగుమతి వాటా డిక్లరేషన్ మొదటి లాట్ నుంచే తీసుకోండి, ఏడాది చివర అడిగితే ఎవడూ ఇవ్వడు.

ఓరగడం_టెస్టు:
పై లెక్కలన్నీ బాగున్నాయి గానీ, లోకల్ అనగానే కంపెనీ రేపే సప్లయర్‌ను మార్చేస్తుందనుకోవద్దు. కంట్రోలర్ మారితే టైప్ అప్రూవల్ (మోడల్‌కు ఇచ్చే ప్రభుత్వ ఆమోదం) ఎక్స్‌టెన్షన్ కావాలి, ఈఎంసీ (విద్యుదయస్కాంత జోక్యం) పరీక్ష మళ్ళీ చేయించాలి. చెన్నై పక్కన ఓరగడంలో జీఏఆర్‌సీ అనే వాహన పరీక్షా కేంద్రం ఉంది, స్లాట్ కోసం ముందే మాట్లాడుకోవాలి. కొత్త మోడల్ డిజైన్ దశలో దూరితేనే పని అవుతుంది, నడుస్తున్న మోడల్‌లో కష్టం.

ఇంకోటి డబ్బు తిరగడం. బండి మీద జీఎస్టీ 5 శాతం, మీ సరుకు మీద 18. ఆ తేడా స్కూటర్ కంపెనీ రీఫండ్‌గా అడుక్కోవాలి, అందులోనూ సర్వీసులు, యంత్రాల మీద కట్టిన పన్ను లెక్కలోకి రాదు. వాళ్ళ డబ్బు అక్కడ ఇరుక్కుంటే మీ పేమెంట్ సాగదీస్తారు. చిన్న పరిశ్రమల ఉద్యమ్ రిజిస్ట్రేషన్ నంబరు ప్రతి ఇన్‌వాయిస్ మీద వేయండి. చట్టం ప్రకారం ఒప్పందం ఉన్నా పేమెంట్ 45 రోజులు దాటకూడదు, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే.

పీణ్యా_బోర్డు:
అయితే ఎస్‌ఎంటీ లైన్ ఇప్పుడే వద్దంటారా?

డీవీఏ_లెక్క:
ఇప్పుడే వద్దు. విడిభాగాలు అతికించే పని (ప్లేస్‌మెంట్) బయట జాబ్ వర్క్‌కిచ్చి విడిభాగాలు మీరే కొనివ్వండి. జాబ్ వర్క్ కూలీ దేశీయ విలువే కాబట్టి లెక్కలో నష్టం లేదు. ఫర్మ్‌వేర్, ఎండ్-ఆఫ్-లైన్ టెస్టు, పాటింగ్ (బోర్డు మీద రెసిన్ పోసి మూయడం) మీ చేతిలో ఉంచుకోండి. ఫీల్డ్ నుంచి వెనక్కొచ్చే బోర్డుల్లో సమస్య సాధారణంగా టంకం దగ్గర ఉండదు. పక్కపక్కనే కలిపిన మాస్‌ఫెట్లు వేర్వేరు లాట్లవి కావడం, హీట్‌సింక్ స్క్రూ టార్క్ తక్కువై థర్మల్ ప్యాడ్ సరిగా అంటకపోవడం, ఒకటి వేడెక్కి పోతే మిగతావీ దాని వెంటే పోవడం. లాట్ నంబరు ప్రతి బోర్డుకూ రాసిపెట్టండి. వారంటీలోనూ పనికొస్తుంది, ఆడిటర్ దిగుమతి బిల్లు అడిగినప్పుడూ అదే చూపించొచ్చు.