అప్‌డేట్: రీఫ్ ట్యాంకు లైటు ఘాటు తగ్గింది

పోయిన నెల అడిగింది నేనే. పగడాలు పెంచే మూడడుగుల ఉప్పునీటి ట్యాంకు, పైన రెండు ఎల్ఈడీ లైట్లు. ఇసుక మీద ఎరుపు, నీలం చుక్కలు పెళ్లి పందిట్లోలా తిరుగుతున్నాయి, హ్యామర్ కోరల్ అనే పగడం ముడుచుకుపోతోందని.

ముందు మీరు చెప్పినట్టే డిఫ్యూజర్, అంటే వెలుగుని చెదరగొట్టే షీటు, పెట్టాను. భీమవరంలో నేంబోర్డులు చేసే షాపులో మిల్కీ అక్రిలిక్ ముక్క కోయించుకొచ్చా. అది తప్పు. చుక్కలు పోయాయి గానీ నీటి మెరుపులూ పోయాయి, ముసురు రోజున రొయ్యల చెరువు చూసినట్టుంది. దాన్ని తీసేసి, ఒకవైపు గరుకుగా ఉండే పారదర్శక షీటు వేశా. దీనికి వెలుగు మరీ అంత తగ్గలేదు, రంగులు మాత్రం కలిసిపోయాయి. మెరుపు కాస్త పల్చబడింది, సర్దుకున్నా.

షీటుని లైటుకి అంటించలేదు, రెండంగుళాల ఖాళీ ఉంచాను. లేకపోతే ఫ్యానుకి గాలాడదు, అసలే మన ఉక్కపోత. లైట్లని ఎనిమిది అంగుళాల నుంచి పద్నాలుగుకి లేపి, తెల్ల వెలుగు 60 శాతం నుంచి 35కి దించాను. నీలం ముట్టుకోలేదు.

మూడో వారానికి హ్యామర్ విచ్చుకుంది. అడుగున ఉన్న జోవాలు (గుండీల్లాంటి చిన్న పగడాలు) మాత్రం వెలుగు కోసం కాడలు సాగదీస్తున్నాయి, వాటిని ఒక మెట్టు పైకి మార్చా. షీటు మీద ఉప్పు తెల్లగా పేరుకుంటోంది, వారానికోసారి ఆర్వో నీళ్లతో తుడవక తప్పట్లేదు.

హాల్లో కళ్లు జిగేల్‌మనడం లేదని అమ్మ సోఫా మళ్లీ ట్యాంకు వైపు తిప్పించింది.