బంగారు ఎలక్ట్రోడ్ మీద కాడ్మియం: ఒక్క పొరకు మించిన ఆవేశం ఎక్కడిది?

ప్రశ్న: నమస్కారమండీ. 0.05 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో బంగారం (111) ముఖం (పరమాణువులు దగ్గరదగ్గరగా పేర్చుకున్న స్ఫటిక తలం) మీద రాగిని నిక్షేపించినప్పుడు రెండు పీకులూ (విద్యుత్ ప్రవాహపు గీతలో శిఖరాలు) స్పష్టంగా కనిపించాయి, మొత్తం ఆవేశం చదరపు సెంటీమీటరుకు దాదాపు 440 మైక్రోకూలంబులు, అంటే ఒక నిండు పొరకు సరిపడా, తేలింది. రాగి బదులు 1 మిల్లీమోలార్ కాడ్మియం సల్ఫేట్ తీసుకుని, ప్రామాణిక హైడ్రోజన్ ఎలక్ట్రోడ్ లెక్కన −0.44 వోల్టుల వద్ద పది నిమిషాలు నిలిపితే, కరిగేటప్పుడు వచ్చే ఆవేశం అంతకు మించుతోంది, మరింత ధన దిశలో కొత్త పీకు కూడా లేస్తోంది. ముద్ద కాడ్మియం (పొర మీద పొరగా చేరే మామూలు లోహం) పేరుకుంటోందంటారా?

సమాధానం: కాదండీ. గాఢతను బట్టి పొటెన్షియల్‌ను లెక్కగట్టే నెర్న్‌స్ట్ సమీకరణం ప్రకారం, ఆ గాఢతకు ముద్ద కాడ్మియం సమతుల్య పొటెన్షియల్ సుమారు −0.49 వోల్టులు, మీరు దానికి 50 మిల్లీవోల్టులు పైనే నిలిపారు కాబట్టి అక్కడ ముద్ద లోహం నిలవదు, బంగారాన్ని అంటిపెట్టుకున్న కాడ్మియం మాత్రమే నిలుస్తుంది. కాడ్మియం పరమాణువు బంగారం కన్నా కాస్త పెద్దది కనుక నిండు పొరకు 440 కూడా పట్టదు. మిగిలినది లోపలికి ఇంకింది. పాదరసం తగిలిన ఉంగరం తెల్లబడటం మనకు తెలిసిందే. ఇక్కడ రెండూ ఘనలోహాలే అయినా, మామూలు ఉష్ణోగ్రతలోనే ఉపరితలపు పరమాణువులు చోటు మార్చుకుని మిశ్రలోహం ఏర్పడుతుంది. బంగారంతో గట్టిగా బంధించుకున్న కాడ్మియాన్ని బయటకు లాగడం కష్టం, అందుకే పీకు ధన దిశకు జరిగింది.

నిర్ధారణకు 10 సెకన్లు, 1 నిమిషం, 10 నిమిషాలు, 40 నిమిషాలు నిలిపి, అదనపు ఆవేశాన్ని కాలపు వర్గమూలానికి ఎదురుగా గీయండి. సరళరేఖ వస్తే ఘనంలోకి విసరణ (పరమాణువులు మెల్లగా లోపలికి పాకడం) జరుగుతున్నట్టే. కరిగేటప్పటి ఆవేశాన్నే లెక్కించండి. నిలిపి ఉంచినంతసేపూ ప్రోటాన్లూ, మిగిలిపోయిన ఆక్సిజనూ క్షయకరణం చెందుతూనే ఉంటాయి కాబట్టి ఆ ప్రవాహం మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఆక్సిజన్‌ను తరిమేందుకు నైట్రోజన్ పంపడం మానకండి.

మళ్ళీ ప్రశ్న: గీశానండీ, మొదటి మూడు బిందువులూ రేఖ మీదే పడ్డాయి, నలభై నిమిషాలది కాస్త కిందికి వంగింది. కానీ ఇప్పుడు అదే స్ఫటికం మీద రాగి పీకులు వెడల్పయ్యాయి.

సమాధానం: కాడ్మియం బయటకు వెళ్ళిన చోట బంగారంలో గుంటలు మిగిలి, నున్నటి సమతలాలు చెదిరిపోయాయి. స్ఫటికాన్ని మళ్ళీ మంటలో కాల్చి చల్లార్చాలి. అయితే కాడ్మియం పొగ ప్రాణాంతకం. ముందు కాడ్మియం లేని ఆమ్లంలో, కరిగే పీకు పూర్తిగా మాయమయ్యేదాకా, ధన పొటెన్షియల్ వద్ద నిలిపి, కడిగి, ఆ తరువాతే, అదీ ఫ్యూమ్ హుడ్‌లోనే, మంట దగ్గరకు తీసుకెళ్ళండి.