విండోస్ 11 వేశాక సర్వర్‌లో కామన్ ఫోల్డర్ తెరుచుకోవట్లా, ఎవరన్నా చెప్పండి

చీమకుర్తి లెక్కలు
అన్నా, పొద్దున్నుంచీ దీంతోనే సరిపోయింది. నిన్న ఆఫీసులో రెండు సిస్టమ్స్‌కి విండోస్ 11 వేయించాం. అప్పట్నుంచి సర్వర్‌లో ఉన్న కామన్ ఫోల్డర్ తెరుచుకోవట్లా. కేబుల్ మార్చా, నెట్‌వర్క్ డిస్కవరీ ఆన్ చేశా, ఫైర్‌వాల్ ఆపేశా, యూట్యూబ్‌లో చెప్పినవన్నీ అయిపోయినయ్. పింగ్ కొడితే సర్వర్ పలుకుతోంది, నెట్ బాగానే ఉంది. గ్రానైట్ బ్లాకుల కొలతల షీట్లన్నీ అందులోనే ఉన్నాయి. లారీ లోడై నిలబడుంది, ఇన్‌వాయిస్ తీయకుండా ఈ-వే బిల్లు ఎట్టా వేసేది? తెలిసినోళ్లు తొందరగా చెప్పండయ్యా.

కావలి కేబుల్
ఎర్రర్ ఏంది?

చీమకుర్తి లెక్కలు
తెరుచుకోవట్లా అన్నా, అదే ఎర్రర్.

కావలి కేబుల్
స్క్రీన్ మీద ఏం రాసుందో అది పెట్టు. ముందు ఫైర్‌వాల్ ఆన్ చెయ్. ఆపినా తెరుచుకోవట్లేదంటే అడ్డం అది కాదు.

పెంగ్విన్ నెల్లూరు
అసలు విండోస్ 11 ఎవరు వేసుకోమన్నారండీ? "విండోస్ 10 చచ్చిపోయింది" అని వార్తల్లో హెడ్డింగ్ పెట్టంగానే అందరూ సర్వీస్ షాపులకి పరుగు. 2025 అక్టోబర్ 14న ఆగింది ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు, కంప్యూటర్లు కాదు. సొంత వాడకం మిషన్లకి 2026 అక్టోబర్ 13 దాకా అదనపు అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్టే చెప్పింది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగినై సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లా. అది ఇష్టం లేకపోతే 1000 మైక్రోసాఫ్ట్ రివార్డ్ పాయింట్లు, లేదంటే 30 డాలర్లు. ఈ మూడు దార్లూ ఏ హెడ్డింగ్‌లోనూ రాయరు. ఇంక విండోస్‌కి బదులు లినక్స్ వేసుకుంటే ఈ గోలే ఉండదు. లిబ్రే ఆఫీస్‌లో షీట్లు శుభ్రంగా తెరుచుకుంటాయి, లైసెన్స్ ఖర్చు లేదు, విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 సెక్యూరిటీ చిప్ ఉందా లేదా అని బోర్డు విప్పి చూడక్కర్లా.

పాతకోడ్
పెంగ్విన్ గారూ, మీరు చెప్పిన 30 డాలర్ల లెక్క ఇళ్లకి. ఆఫీసులకి వేరే రేటు: మిషన్‌కి మొదటి ఏడాది 61 డాలర్లు, తర్వాత ఏటా రెట్టింపు, మూడేళ్లకి మించి లేదు. రెండు పాత డెస్క్‌టాప్‌ల కోసం ఆ డబ్బు కట్టే కన్నా 11కి పోవడమే నయం, మిషన్ ఒప్పుకుంటే. గ్రానైట్ ఆఫీసంటే లెక్కలకి టాలీ సాఫ్ట్‌వేర్ ఉంటుంది, అది లినక్స్ మీద నేరుగా నడవదు. ఆయన అడిగింది ఫోల్డర్ గురించి, దాని సంగతి చూద్దాం.

చీమకుర్తి తమ్ముడూ, మూడు చెప్పు. ఒకటి, మిగతా సిస్టమ్స్‌లో ఆ ఫోల్డర్ తెరుచుకుంటోందా. రెండు, ఒక్కో మిషన్‌లో విండోస్ ఎడిషన్ ఏంది: విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి విన్‌వర్ అని కొడితే హోమా, ప్రోనా, వెర్షన్ 24హెచ్2నా, ఇంకోటా అని చూపిస్తుంది. మూడు, ఆ సర్వర్ అంటున్నావే, అది ఏం మిషన్?

కర్నూలు రోడ్డు సర్వీస్ (ఒంగోలు)
సింపుల్ సార్. కంట్రోల్ ప్యానెల్‌లో టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్‌కి పోయి, ఎస్‌ఎంబీ 1.0 (నెట్‌వర్క్‌లో ఫోల్డర్లు పంచుకునే పాత పద్ధతి) అనే దాని ముందు టిక్ పెట్టి రీస్టార్ట్ కొట్టండి. వచ్చేస్తుంది. పాత ప్రింటర్లకీ, స్కానర్లకీ మేం అదే చేస్తాం.

పాతకోడ్
దయచేసి ఆ టిక్ పెట్టొద్దు. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళమేసి డబ్బడిగే వైరస్) ప్రపంచమంతా పాకింది సరిగ్గా ఆ ఎస్‌ఎంబీ 1 కంతలోంచే. మన ఆంధ్రా పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. మార్చిలోనే దాన్ని పూడ్చే అప్‌డేట్ వచ్చినా వేసుకోనివాళ్లు దొరికిపోయారు. ఆ ఏడాది చివర్నుంచి కొత్త విండోస్‌ల్లోంచి ఎస్‌ఎంబీ 1ని కావాలనే మెల్లగా తీసేస్తూ వచ్చారు. ఇప్పుడు మళ్లీ పెట్టుకోవడం అంటే దొడ్డిదారి గడియ తీసి పడుకోవడమే. పైగా ఈయన సమస్య అది కాకపోవచ్చు.

కర్నూలు రోడ్డు సర్వీస్ (ఒంగోలు)
లోపల నెట్‌వర్క్‌లో వైరస్ ఎట్టా వస్తుంది సార్? రౌటర్ ఉందిగా మధ్యలో.

కావలి కేబుల్
పెన్‌డ్రైవ్‌లో. మెయిల్‌లో. ఒక మిషన్‌కి వస్తే చాలు, మిగతావాటికి అదే పాకుతుంది.

చీమకుర్తి లెక్కలు
అన్నా ఎర్రర్ ఇది: "మీ ఆర్గనైజేషన్ సెక్యూరిటీ పాలసీలు అన్‌ఆథెంటికేటెడ్ గెస్ట్ యాక్సెస్‌ను బ్లాక్ చేస్తున్నాయి" అని ఇంగ్లీషులో వస్తోంది. మాకు ఆర్గనైజేషన్ ఏంది, పాలసీ ఏంది? ఓనరు గారు ఏ పాలసీ పెట్టలా.
రెండు సిస్టమ్స్‌లోనూ విండోస్ 11 ప్రో 24హెచ్2 అని ఉంది. మేడం గారి లాప్‌టాప్ కొత్తది, అది కూడా విండోస్ 11, 24హెచ్2నే, కానీ హోమ్ అని ఉంది. దాంట్లో భేషుగ్గా తెరుచుకుంటోంది! అందుకే నాకు పిచ్చెక్కుతోంది. ఒక విండోస్ 10 కూడా ఉంది, దాంట్లోనూ వస్తోంది.
సర్వర్ అంటే మామూలు సర్వరే అన్నా.

కావలి కేబుల్
మామూలు సర్వర్ అని ఉండదు. డబ్బా మీద ఏం రాసుంది?

చీమకుర్తి లెక్కలు
నెట్ వచ్చే వైఫై డబ్బా అన్నా. దాని వెనకాల ఒక టీబీ హార్డ్‌డిస్క్ యూఎస్‌బీకి పెట్టి ఉంది. \\192.168.1.1 అని కొడితే ఫోల్డర్ వస్తుంది. పాస్‌వర్డ్ అడగదు.

కావలి కేబుల్
అది రౌటర్. సర్వర్ కాదు. మొదటి పోస్టులోనే ఈ మాట రాసుంటే సగం పొద్దు మిగిలేది.

పెంగ్విన్ నెల్లూరు
అలా అనకండి. లోపల నడిచేది లినక్స్, దాని మీద ఫైళ్లు పంచే సాంబా సాఫ్ట్‌వేర్. ఫైళ్లు అడిగినవాళ్లకి ఇస్తోంది కాబట్టి నిర్వచనం ప్రకారం ఫైల్ సర్వరే.

కావలి కేబుల్
కరెంటు పోతే రౌటర్‌తో పాటే పోయేదాన్ని, రెండో డిస్క్ లేనిదాన్ని నేను సర్వర్ అనను.

పెంగ్విన్ నెల్లూరు
యూపీఎస్ లేకపోవడం వేరే లోపం. పని ఏం చేస్తోందన్నదాన్ని బట్టే పేరు.

పాతకోడ్
మీరిద్దరూ దాన్నేమైనా పిలుచుకోండి. సంగతి దొరికింది.

హోమ్‌లో తెరుచుకుని ప్రోలో తెరుచుకోకపోవడమే కీలకం. విండోస్ 11లో 24హెచ్2 నుంచి రెండు పద్ధతులు మారాయి. ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో ఎస్‌ఎంబీ సైనింగ్ తప్పనిసరి అయింది. దాంతోపాటు ప్రోలో పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా లోపలికి పోవడం మూసేశారు. ఎంటర్‌ప్రైజ్‌లో గెస్ట్‌ని 2017లోనే మూశారు, ఇప్పుడు ప్రో వంతు. హోమ్‌లో రెండూ పాత పద్ధతే, అందుకే మేడం గారి లాప్‌టాప్‌లో వస్తోంది. "ఆర్గనైజేషన్ పాలసీ" అనే మాట చూసి కంగారు పడొద్దు, ఎవరూ పెట్టకపోయినా ఆ మెసేజ్ అట్టాగే వస్తుంది. దీన్ని రాసినవాళ్లని నాలుగు తిట్టాల్సిందే, ఒక్క గుమాస్తాకైనా అర్థమయ్యేట్టు లేదు.

సైనింగ్ అంటే పోయే ప్రతి ప్యాకెట్ మీదా ముద్ర. ఆ ముద్రకి తాళం పాస్‌వర్డ్ లోంచి పుడుతుంది. గెస్ట్‌కి పాస్‌వర్డే లేదు, ముద్ర యాడనించి వస్తుంది? కాబట్టి గెస్ట్, సైనింగ్ రెండూ కలిసి ఉండవు. సరైన మార్గం ఒకటే, ఆ డబ్బాకి పాస్‌వర్డ్ పెట్టడం.

ఇంకొకటి, ఎస్‌ఎంబీ 1 ఎందుకు అక్కర్లేదంటే: కొత్త లాప్‌టాప్‌లో అది ఉండదు. అయినా డబ్బాతో మాట్లాడుతోందంటే డబ్బాకి కనీసం ఎస్‌ఎంబీ 2 వచ్చు. మేడం గారి లాప్‌టాప్‌లో ఎవరూ ఆ టిక్ పెట్టలేదని మాత్రం ఒకసారి చూసుకో.

చీమకుర్తి లెక్కలు
టిక్ లేదన్నా, చూశా. పాస్‌వర్డ్ యాడ పెట్టాలి?

పాతకోడ్
బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి రౌటర్ పేజీలోకి పో. యూఎస్‌బీ షేరింగ్ అనో, స్టోరేజ్ షేరింగ్ అనో ఉంటుంది. అందులో ఆథెంటికేషన్ ఆన్ చెయ్. యూజర్‌ని కొత్తగా చేసే వీలుంటే "ఆఫీస్" అని ఒకడిని చెయ్. కొన్ని డబ్బాల్లో అడ్మిన్ అకౌంటే దిక్కు. అట్టయితే రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఆఫీసందరికీ తెలిసిపోతుంది, అది మంచిది కాదు, తర్వాత వేరే ఏర్పాటు చేసుకోవాలి. ఎస్‌ఎంబీ వెర్షన్ ఎంచుకోమంటే 2 గానీ 3 గానీ పెట్టు, 1 వద్దు. ఫర్మ్‌వేర్ (డబ్బా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే అది ఇవాళ వద్దు, లారీ పోయాక చెయ్యి, మధ్యలో కరెంటు పోతే డబ్బానే పోతుంది.

తర్వాత ప్రో సిస్టమ్స్‌లో పాత కనెక్షన్ తెంపాలి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఒకే సర్వర్‌కి ఒకే మిషన్ నుంచి రెండు వేర్వేరు పేర్లతో పోనివ్వదు, "మల్టిపుల్ కనెక్షన్స్" అని ఇంకో ఎర్రర్ వస్తుంది. మ్యాప్ చేసిన డ్రైవ్ ఉంటే దాని మీద రైట్ క్లిక్ కొట్టి డిస్‌కనెక్ట్. ఆ తర్వాత కంట్రోల్ ప్యానెల్, క్రెడెన్షియల్ మేనేజర్, విండోస్ క్రెడెన్షియల్స్. అక్కడ ఆ అడ్రస్‌తో పాతవి ఏమన్నా ఉంటే తీసెయ్. యాడ్ ఎ విండోస్ క్రెడెన్షియల్ నొక్కి అడ్రస్ దగ్గర 192.168.1.1, కింద కొత్త యూజర్, పాస్‌వర్డ్. సైనవుట్ అయ్యి మళ్లీ రా. అడ్రస్ ఒకచోట నంబర్‌తో, ఇంకోచోట పేరుతో కొట్టొద్దు, విండోస్ ఆ రెండింటినీ వేర్వేరు మిషన్లుగా చూస్తుంది.

కర్నూలు రోడ్డు సర్వీస్ (ఒంగోలు)
ఇంత చాకిరీ ఎందుకు సార్, గ్రూప్ పాలసీలో గెస్ట్ ఆన్ చేస్తే అయిపోద్దిగా. కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, నెట్‌వర్క్, లాన్‌మాన్ వర్క్‌స్టేషన్, అందులో ఎనేబుల్ ఇన్‌సెక్యూర్ గెస్ట్ లాగాన్స్.

పాతకోడ్
సగమే చెప్పారు. అది ఒక్కటీ ఆన్ చేస్తే సైనింగ్ దగ్గర మళ్లీ ఆగుతుంది. సెక్యూరిటీ ఆప్షన్స్‌లో "మైక్రోసాఫ్ట్ నెట్‌వర్క్ క్లయింట్: డిజిటల్లీ సైన్ కమ్యూనికేషన్స్ (ఆల్వేస్)" కూడా డిసేబుల్ చేయాలి. లారీ కోసం అరగంట అలా తీసి, షీట్లు లోకల్‌కి కాపీ చేసుకుని, మళ్లీ మూసెయ్యమంటే ఒప్పుకుంటా. అట్టాగే వదిలేస్తే ఆఫీసు వైఫై పాస్‌వర్డ్ తెలిసిన ప్రతివాడూ కొలతల షీట్లు దిద్దగలడు. గ్రానైట్‌లో ఒక అంకె మారితే ఎంత డబ్బో మీకు నేను చెప్పక్కర్లా.

ఆక్వా ఆఫీస్
అన్నా మాది నెల్లూరు. మా దాంట్లో ఫోల్డర్ వస్తోంది గానీ షేర్ చేసిన ప్రింటర్‌కి 11బీ ఎర్రర్ వస్తోంది. దానికీ ఇదేనా?

కావలి కేబుల్
కాదు. అది 2021 సెప్టెంబర్ అప్‌డేట్ నాటి కథ. వేరే పోస్టు పెట్టండి.

ఆక్వా ఆఫీస్
పోయిన వారం పెట్టానన్నా, ఎవరూ పలకలా.

కావలి కేబుల్
ప్రింటర్‌కి నెట్‌వర్క్ పోర్ట్ ఉంటే షేరింగ్ వదిలేసి ఐపీ అడ్రస్‌తో నేరుగా ప్రతి మిషన్‌లో పెట్టుకోండి. లేకపోతే పోస్టు.

పెంగ్విన్ నెల్లూరు
ఒకటి అడుగుతా. ఆ ఒక టీబీ డిస్క్‌కి ఇంకో కాపీ యాడన్నా ఉందా?

చీమకుర్తి లెక్కలు
మేడం గారి వన్‌డ్రైవ్‌లో సింక్ అవుతాయి కొన్ని.

పెంగ్విన్ నెల్లూరు
సింక్‌ని నమ్ముకోవద్దు. ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. రీసైకిల్ బిన్‌లో సొంత అకౌంట్ అయితే 30 రోజులే ఉంటుంది. వారానికోసారి వేరే డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ డిస్క్ ఊడదీసి బీరువాలో పెట్టండి. ఊడదీయడమే ముఖ్యం, తగిలించి ఉంటే రాన్సమ్‌వేర్ దాన్నీ వదలదు.

పాతకోడ్
ఈ మాట మాత్రం పెంగ్విన్ గారిది నూటికి నూరు పాళ్లు. నన్నడిగితే ఆ డిస్క్ రౌటర్ మీంచి తీసి, యూపీఎస్ ఉన్న డెస్క్‌టాప్‌లోకి మార్చాలి. ప్రో అవసరం లేదు, హోమ్ అయినా 20 కనెక్షన్ల దాకా ఇస్తుంది. సెట్టింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా లోకల్ యూజర్ ఒకడిని చేసి, పాస్‌వర్డ్ తప్పకుండా పెట్టు. ఖాళీ పాస్‌వర్డ్ ఉన్నవాణ్ని విండోస్ నెట్‌వర్క్ మీద లోపలికి రానివ్వదు. పిన్ కూడా పనికిరాదు, అది ఆ మిషన్ ముందు కూర్చున్నవాళ్లకే. ఫోల్డర్ ప్రాపర్టీస్, షేరింగ్, అడ్వాన్స్‌డ్ షేరింగ్‌లో ఎవ్రీవన్‌ని తీసి ఆ యూజర్‌కి చేంజ్ ఇవ్వు, సెక్యూరిటీ ట్యాబ్‌లో మాడిఫై ఇవ్వు. రెండింట్లో ఏది తక్కువో అదే లెక్కకొస్తుంది. నెట్‌వర్క్ ప్రొఫైల్ ప్రైవేట్, స్లీప్ నెవర్.

చీమకుర్తి లెక్కలు
వచ్చిందన్నా, రెండిట్లోనూ. రౌటర్‌లో అడ్మిన్ ఒక్కటే ఉంది, దానికే పాస్‌వర్డ్ పెట్టా. ఈ-వే బిల్లు అయింది. థాంక్స్. ముందుకన్నా కొంచెం నెమ్మదిగా ఉంది, టాలీ అయితే మరీ.

కావలి కేబుల్
నెమ్మది సైనింగ్ వల్ల. డబ్బా ప్రాసెసర్ చిన్నది. టాలీ డేటా కూడా ఆ డిస్క్ మీదేనా?

చీమకుర్తి లెక్కలు
అవును. ఎందుకు?

పాతకోడ్
అది ఇవాళే తీసెయ్యాలి తమ్ముడూ. టాలీ ఎంట్రీ ఎంట్రీకీ చిన్న చిన్న ముక్కలు రాస్తూ ఉంటుంది. ఆ మధ్యలో డబ్బాకి కరెంటు పోతే డేటా చెడిపోతుంది, తర్వాత రిపేర్ కొట్టినా కొన్ని వోచర్లు తిరిగి రావు. టాలీ ప్రైమ్‌లో ఆల్ట్, వై నొక్కి బ్యాకప్ తీసి లోకల్ డిస్క్‌లో పెట్టు. అందరూ టాలీలోంచి బయటికి వచ్చాకే తీయి. లైసెన్స్ సిల్వరా, గోల్డా? సిల్వర్ అయితే ఒక మిషన్‌కే, డేటా ఆ మిషన్‌లోనే ఉంచుకోవచ్చు.

చీమకుర్తి లెక్కలు
ఏదో ఆడిటర్ గారు పెట్టించారన్నా, కనుక్కోవాలి. ఇంకో లారీ వచ్చింది, రేపు చూస్తా.