సవరలకి షుగర్ రాదా? జాతిని బట్టి వస్తుందా, బతుకుని బట్టి వస్తుందా?

వంశధార ఒడ్డు (గునుపురం, ఒడిశా):

మొన్న మా పక్క పల్లెలో షుగర్ క్యాంపు పెట్టారు. తెలుగు, ఒరియా రెండూ వచ్చని నన్ను పేర్లు రాయడానికి కూర్చోబెట్టారు. వరసలో ఒక సవర తెగ ఆవిడ ఉంది. నలభై దాటి ఉంటాయి, బక్కపల్చటి మనిషి. తన వంతు రాగానే వేలు చాపింది. సూది పట్టుకున్న అబ్బాయి నా వైపు తిరిగి, "వీళ్లకి షుగర్ రాదమ్మా, చోళ్లు (రాగులు) తినే మనుషులు. స్ట్రిప్ దండగ" అని వెనకాయన్ని పిలిచాడు. ఆవిడకి మాట అర్థమైందో లేదో గానీ, కాసేపు అలాగే వేలు చాపి నిలబడి, తర్వాత చెయ్యి కొంగులోకి లాక్కుంది. నేను పక్కనే ఉండి నోరు తెరవలేదు. మూడు రోజుల నుంచి అదే గుచ్చుతోంది.

ఆ వారంలోనే న్యూజెర్సీ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. అక్కడ మామూలుగా బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 25 దాటితే షుగర్ పరీక్ష చేయించుకోమంటారు. ఆసియా వాళ్లయితే 23 దగ్గరే చూడమని అమెరికా డయాబెటిస్ సంఘం 2015 నుంచి చెబుతోంది. వాడికి అలాగే చేశారు, ముందుగానే బయటపడింది. అక్కడ జాతి పేరు చెప్పి ముందే పరీక్ష చేశారు, ఇక్కడ జాతి పేరు చెప్పి అసలు పరీక్షే చెయ్యలేదు. నిజంగా షుగర్ జాతిని చూసి వస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

జయపురం మాస్టారు:

అమ్మా, ఆ అబ్బాయి చేసింది ముమ్మాటికీ తప్పు. కానీ జాతి మాటే ఎత్తకూడదంటే నేను ఒప్పుకోను. అమెరికా సర్కారు ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ల 2019-21 లెక్క చూడండి. షుగర్ ఉన్నట్టు తేలిన పెద్దవాళ్లు అక్కడి మూలవాసుల్లో 13.6 శాతం, నల్లవాళ్లలో 12.1, హిస్పానిక్ వాళ్లలో 11.7, ఆసియా వాళ్లలో 9.1, తెల్లవాళ్లలో 6.9. ఆసియా వాళ్లని మళ్లీ విడదీస్తే, 2017-18 లెక్కలో భారతీయులు 12.6 శాతం, చైనా వాళ్లు 5.6. అందరూ ఒక దేశంలోనే ఉన్నారు కదా, ఇంత తేడా ఎలా వచ్చింది? నాకు పొట్ట లేదు, స్వీట్లు ముట్టను, రోజూ నాలుగు కిలోమీటర్లు నడుస్తాను. అయినా 46 ఏళ్లకే వచ్చింది. మా నాన్నగారికీ అంతే. రక్తంలో ఉన్నదాన్ని లేదనుకుంటే మీ మేనల్లుడి లాంటివాళ్లే నష్టపోతారు.

వంశధార ఒడ్డు:

మాస్టారూ, ఆ అంకెల్లో మొదట ఉన్న మూలవాసుల సంగతే తీసుకోండి. అరిజోనాలో పీమా అనే తెగ ఉంది. గీలా నది కాలవలతో సేద్యం చేసుకునేవాళ్లు. 19వ శతాబ్దం చివర్లో నది ఎగువన వలస వచ్చినవాళ్లు నీళ్లు మళ్లించేసుకున్నారు. పొలాలు ఎండిపోయాయి, పిండి, కొవ్వు, చక్కెర కలిసిన సర్కారు రేషన్ వచ్చింది. అదే తెగవాళ్లు సరిహద్దు అవతల మెక్సికో కొండల్లో, మాయ్‌కోబా దగ్గర, ఒళ్లు వంచి సాగు చేసుకుంటూ ఉండిపోయారు. 2006లో అచ్చయిన పరిశోధన ప్రకారం అరిజోనా పీమాల్లో షుగర్ 38 శాతం, మెక్సికో పీమాల్లో 6.9. రక్తం ఒకటే కదా, మరి ఈ తేడా ఎక్కడిది?

జయపురం మాస్టారు:

ఆ పరిశోధన నేనూ చదివాను. మీరు ఒక అంకె వదిలేశారు. మాయ్‌కోబాలోనే, అదే కొండల్లో, అలాగే బతుకుతున్న పీమాలు కాని పొరుగువాళ్లలో షుగర్ 2.6 శాతమే. ఆ తేడాని ఏమంటారు?

వంశధార ఒడ్డు:

ఒప్పుకుంటాను, ఆ అంకె చెప్పాల్సింది. 2.6కీ 6.9కీ మధ్య రక్తానికి వాటా ఉందనే అనుకుందాం. 6.9కీ 38కీ మధ్య ఉన్నది మాత్రం నది పోవడం, పొలం పోవడం, తిండి మారిపోవడం. నాకు భయం దాని గురించే, ఎందుకంటే అది మా కళ్ల ముందు జరుగుతోంది. గునుపురం చుట్టూ పోడు చేలల్లో చోళ్లు, సామలు, కందులు కలిపి చల్లేవాళ్లు. ఇప్పుడు పత్తి, నీలగిరి. రేషన్ బియ్యం 2013లో కిలో రూపాయికి ఇచ్చారు. ఆకలి తీరింది, దాన్ని నేను తప్పు పట్టను. కానీ పొద్దున చోడంబలి తాగిన ఇంట్లో ఇవాళ మూడు పూటలా తెల్లన్నమే, కూర లేకపోతే చింతపండు పులుసు. కుర్రాళ్లు కేరళ వెళ్లి ఆరు నెలలు పరోటా తిని వస్తున్నారు. "చోళ్లు తినే మనుషులు" అన్నాడే ఆ అబ్బాయి, వాళ్ల పొలంలో చోళ్లు ఎన్నేళ్ల కిందట పోయాయో అతనికి తెలియదు. 2017లో ఒడిశా మిల్లెట్స్ మిషన్ వచ్చాక కొన్ని చోట్ల మళ్లీ వేస్తున్నారు, అంతవరకు సంతోషం.

బరంపురం కోడలు:

అక్కా, "బక్కగా ఉంటే షుగర్ రాదు" అన్న మాట కూడా తీసెయ్యాలి. పుణేలో డాక్టర్ యాజ్ఞిక్ గారు చూపించారు కదా, మన పిల్లలు సగటున 2.7 కిలోలతో పుట్టినా, 3.5 కిలోల ఇంగ్లిష్ పిల్లలతో పోలిస్తే కండ తక్కువ గానీ కొవ్వు పెద్దగా తక్కువ కాదని. మాస్టారికి పొట్ట లేకుండానే వచ్చిందంటే రక్తమే అవ్వక్కర్లేదు, కడుపులో ఉన్నప్పుడు తల్లికి దొరకని తిండి కూడా అవ్వచ్చు. చిన్నప్పటి నుంచి తిండి చాలక వచ్చే షుగర్ ఒకటి ఉందని మన కటక్ డాక్టర్లు ఏనాడో రాశారు. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి చోటిచ్చి 1999లో తీసేసింది. 2025లో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య దాన్ని టైప్ 5 అని మళ్లీ గుర్తించింది. అది వచ్చేదే బక్క మనుషులకి, బీదవాళ్లకి.

ల్యాబ్ తమ్ముడు (రాయగడ):

ఎవరూ అడగని సంగతి ఒకటి చెప్తాను. మా దగ్గరికి ఒకాయన వచ్చాడు, కూలిపని. కాలి మీద పుండు, రెండు నెలలైనా మానలేదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చిన్న మిషన్‌లో చేస్తే 5.6 వచ్చింది. షుగర్ లేదని రాసి పంపేశారు. పుండు చూస్తే నాకు మనసొప్పలేదు, పరగడుపున ఒకసారి, తిన్నాక ఒకసారి చేశాను. 161, 268. తర్వాత తెలిసింది, ఆయనకి సికిల్ సెల్ జబ్బు ఉంది, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు. మామూలుగా ఎర్ర రక్తకణం 120 రోజులు ఉంటుంది. ఈ జబ్బులో కొద్ది వారాలకే పగిలిపోతుంది, చక్కెర పట్టడానికి టైమే ఉండదు, అందుకే సగటు తక్కువ చూపిస్తుంది. ఎర్ర కణాల్ని కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నా అంతే. ఈ రెండూ మన కొండల్లో ఎక్కువ. కాబట్టి "వీళ్లలో షుగర్ తక్కువ" అన్న లెక్క దేనితో తీశారో కూడా అడగండి.

జయపురం మాస్టారు:

తమ్ముడూ, ఈ సంగతి నాకు తెలియదు. మంచి మాట చెప్పావు. కానీ చూడు, సికిల్ సెల్ ఎవరిలో ఎక్కువో ముందు తెలియబట్టే నువ్వు రెండో పరీక్ష గురించి మాట్లాడగలుగుతున్నావు. అంటే జాతి వారీగా లెక్క ఉండాల్సిందే. నా మాట మీద నేను ఉన్నాను.

వంశధార ఒడ్డు:

లెక్క ఉండాలి మాస్టారూ, అక్కడ మనకి తగువు లేదు. అమెరికా వాళ్లు లెక్క తీసి ఊరుకోలేదు. మూలవాసుల కోసం 1997లో ప్రత్యేక కార్యక్రమం పెట్టి పల్లెల్లోనే పరీక్షలు, మందులు, కిడ్నీ జాగ్రత్తలు అందించారు. 1996 నుంచి 2013 లోపల షుగర్ వల్ల కిడ్నీలు పాడవడం వాళ్లలో 54 శాతం తగ్గింది. రక్తం మారలేదు కదా. లెక్క చూసి అలా వెతుక్కుంటూ వెళ్తే నేను చేతులెత్తి దండం పెడతాను. లెక్క పేరు చెప్పి చాపిన వేలుని వెనక్కి పంపితే ఊరుకోను.

ఆవిడ ఊరు కనుక్కున్నాను. వచ్చే సంతరోజు వెళ్తున్నాను. మిషన్ నాది ఉంది, యాభై స్ట్రిప్పుల డబ్బా ఒకటి కొన్నాను. తమ్ముడూ, హెచ్‌బీఏ1సీ వద్దు, తిన్నాక రెండు గంటలకి చూస్తే చాలా? ఎక్కువ వస్తే రక్తం తీసుకుని నీ దగ్గరికి పంపిస్తాను.

ల్యాబ్ తమ్ముడు (రాయగడ):

చాలు అక్కా. 140 దాటిన వాళ్లందరి పేర్లూ రాయండి. రక్తం మీరు పంపక్కర్లేదు, పొద్దున బస్సుకి నేనే వస్తాను. సికిల్ పరీక్ష కిట్లు కూడా తెస్తాను.

జయపురం మాస్టారు:

రెండో డబ్బా నాది. డబ్బులు ఎలా పంపాలో చెప్పండి.