పాత బొమ్మ మీద మళ్లీ కుంచె పెట్టడం దిద్దుబాటా, చెడగొట్టడమా?

కృష్ణగట్టు (విజయవాడ):
మాది మొగల్రాజపురం. డాబా మీద రేకుల గదే నా స్టూడియో. ఎండెక్కితే అందులో మనిషి నిలవలేడు కాబట్టి పొద్దున ఐదున్నరకి ఎక్కి ఎనిమిదిన్నరకి దిగిపోతాను, తర్వాత ఆఫీసు. మొదటి అరగంట కుంచె ముట్టుకోను. గోడవైపు తిప్పి పెట్టినవాటిలో ఒకటి తీసి ఇటు తిప్పి, టీ తాగుతూ చూస్తాను. రోజూ చూసే బొమ్మలో తప్పు కళ్ళకి ఆనదు. అందుకని గడ్డం గీసుకునే అద్దం ఒకటి పైన పడేశాను. అందులో బొమ్మ కుడి ఎడమలు మారి కనిపిస్తే ఎక్కడ ఒరిగిందో ఇట్టే దొరుకుతుంది.

పోయిన నెల అలా 2019లో వేసి, సంతకం పెట్టి, వార్నిష్ కూడా కొట్టిన బొమ్మ ఒకటి చేతికొచ్చింది. బ్యారేజీ ఎగువన తెల్లవారుజాము కృష్ణ, అవతల సీతానగరం కొండ, ముందు ఒక పడవ. ఇన్నేళ్ళుగా ఆ పడవ నన్ను సతాయిస్తూనే ఉంది. అందరూ వేసే పడవే, క్యాలెండర్ పడవ. నాలుగు పొద్దులు కూర్చుని దాన్ని తీసేశాను. ఇప్పుడు నీళ్ళు, మంచు, కొండ, అంతే.

గుంటూరు నుంచి వచ్చిన స్నేహితుడు చూసి "పడవేదిరా?" అన్నాడు. తీసేశానంటే చావు కబురు విన్నట్టు మొహం పెట్టాడు. "అది అప్పటి నువ్వు వేసింది. ఇప్పటి నీకు దాని మీద హక్కు లేదు" అని వెళ్ళిపోయాడు. మీరేమంటారు?

బ్రోడీపేట మాస్టారు (గుంటూరు):
నేను మీ స్నేహితుడి పక్షం. ముప్పై ఏళ్ళు డ్రాయింగ్ చెప్పాను, నావి నీటిరంగులు. మాకు ఈ దిద్దుకునే సుఖం లేదు. కాగితం తడి మీదుండగా రంగు పడిందా, పడినట్టే. మహా అయితే తడి కుంచెతో కాస్త రంగు లేపుకోవచ్చు, అదీ కాగితం గట్టిదైతేనే. రెండోసారి రుద్దితే నూగు లేచి బొమ్మకి గజ్జి పట్టినట్టవుతుంది.

చిత్రకారుడు దామెర్ల రామారావు గారు 28 ఏళ్ళు నిండకుండానే 1925లో పోయారు. రాజమండ్రి గ్యాలరీకి వెళ్ళి ఆ బొమ్మల ముందు నిలబడి చూడండి. ఆయన ఎనభై ఏళ్ళు బతికి, ఒక్కోదాన్నీ మళ్ళీ తీసి "బాగు" చేస్తూ పోయుంటే ఆ కుర్రతనం మనకి దక్కేదా? పడవ నచ్చకపోతే ఇంకో కాన్వాసు కొనుక్కోవాలి బాబూ.

కృష్ణగట్టు:
కాన్వాసు రేటు చూశారా మాస్టారూ! సరే, డబ్బు సంగతి పక్కన పెడదాం. కొత్త కాన్వాసు మీద వేస్తే పడవ లేని బొమ్మ వస్తుంది. దీని మీద వేస్తే పడవ వెళ్ళిపోయిన బొమ్మ వచ్చింది. ఆ చోట నీళ్ళు కాస్త మందంగా ఉన్నాయి, ఇప్పుడే ఏదో కదిలి వెళ్ళినట్టు. అది నాకు కావాలి.

ఫ్రాంక్ ఆవర్‌బాక్ అని లండన్ పెయింటర్ ఉండేవాడు, 2024లో పోయాడు. ఆ రోజు వేసింది నచ్చకపోతే మొత్తం గీకేసి, అదే బొమ్మని మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఒక్క మొహానికి నెలలు పట్టేది. అదంతా చెడగొట్టడమేనా?

బ్రోడీపేట మాస్టారు:
ఆయన గీకింది ఇంకా పూర్తికాని బొమ్మ. మీది సంతకం చేసి, సంవత్సరం వేసి, వార్నిష్ కొట్టిన బొమ్మ. మరి సంతకం ఎందుకు పెట్టినట్టు?

సున్నా లేయర్ (పటమట):
నేను ట్యాబ్ మీద వేస్తాను కాబట్టి మీ తగాదా నాకు వింతగా ఉంది అంకుల్. పడవ ఉన్న లేయర్ (పొర) ఆఫ్ చేస్తే పోతుంది, ఆన్ చేస్తే వస్తుంది. కాకపోతే ఒక మాట ఒప్పుకోవాలి. నా దగ్గర రెండేళ్ళుగా తేలని ఫైలు ఒకటుంది. అమ్మవారి బొమ్మ, పద్నాలుగు రకాల చీరలు. ఏదీ పోదు కదా, ఏ చీరో తేల్చుకోను.

రాళ్ళపిచ్చి (గుంటూరు):
ఈ గొడవ మన ఉమ్మడి గుంటూరు జిల్లాలో రెండు వేల ఏళ్ళ నాటిది. బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి స్తూపం పలక ఒకటుంది, రెండు వైపులా చెక్కింది. ఒక వైపు బోధివృక్షానికి మొక్కుతున్న జనం. చెట్టు కింద బుద్ధుడు మనిషి రూపంలో లేడు, ఖాళీ ఆసనమే. అది క్రీ.పూ. ఒకటో శతాబ్దం పని. క్రీ.శ. మూడో శతాబ్దంలో స్తూపాన్ని కొత్త శిల్పంతో ముస్తాబు చేసినప్పుడు అదే పలకని తిప్పి, వెనక వైపు స్తూపం బొమ్మ చెక్కారు. పాత ముఖాన్ని చెరిపేయలేదు, అటు తిప్పేశారంతే. మీరు కాన్వాసుల్ని గోడవైపు తిప్పి పెడతాననగానే నాకు అదే గుర్తొచ్చింది.

కాబట్టి కృష్ణగట్టు గారూ, చెక్కండి, వేయండి, కానీ పాతది కింద బతికుండాలి.

ఫ్రేముల షాపు (గవర్నర్‌పేట):
అందరూ వేసేవాళ్ళే మాట్లాడుతున్నారు, కొన్నవాడి సంగతి ఎవరికీ పట్టలేదు. ఒకసారి ఒక ఇంటివాళ్ళు ఫ్రేము మార్చమని బొమ్మ తెచ్చిచ్చారు. దాన్ని వేసినాయన వేరే పని మీద షాపుకొచ్చి, దాన్ని చూసి, "ఐదు నిమిషాలు కుంచె ఇవ్వండి, ఆ చెయ్యి సరిచేస్తా" అని కూర్చున్నాడు. నేను ఇవ్వలేదు. చెయ్యి నిజంగానే బాగాలేదు, అది వేరే విషయం. బొన్నార్ అనే ఫ్రెంచాయన మ్యూజియంలో వేలాడుతున్న తన బొమ్మనే కాపలావాడి కన్నుగప్పి దిద్దాడని చెప్పుకుంటారు. ఇలాంటివాళ్ళు ఎక్కడైనా ఉంటారు.

మీ బొమ్మ మీ దగ్గరే ఉంది కాబట్టి మీ ఇష్టం. కానీ ఒక్క ప్రశ్న: అడుగున ఏ రంగు, పైన ఏ రంగు?

కృష్ణగట్టు:
అడుగున ఆయిల్. పైన అక్రిలిక్. పాపకి వీజింగ్ మొదలైనప్పటి నుంచి ఆయిల్ రంగు పలచన చేసుకునే టర్పెంటైన్ ఇంట్లో మానేశాను. రూలు తెలియక కాదు. చిన్న పనే కదా అనుకున్నాను.

ఫ్రేముల షాపు:
అయ్య బాబోయ్. వార్నిష్ కూడా తీయలేదన్నమాట!

అక్రిలిక్ మీద ఆయిల్ వేయొచ్చు, ఆయిల్ మీద అక్రిలిక్ వేయకూడదు. నీళ్ళలో కలిసే రంగుకి నూనె పొర మీద పట్టు దొరకదు, వార్నిష్ నునుపు మీద అసలే దొరకదు. మన ఎండకి, అందులోనూ రేకుల కింద, పాల మీద మీగడలా లేస్తుంది. ఆయిల్ మీద ఆయిల్ వేసినా అడుగు పొరలో నూనె తక్కువ, పై పొరలో ఎక్కువ ఉండాలి. ఆయిల్ ఆరడమంటే నీళ్ళలా ఆవిరవడం కాదు, గాలిలో ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడడం. వారానికి చేతికి అంటదు గానీ మందంగా వేస్తే లోపల ఆరడానికి నెలలు పడుతుంది. పైది ముందే బిగుసుకుని, కిందది ఇంకా కదులుతుంటే పగుళ్ళు రాక ఏమవుతుంది?

చెడగొట్టడమా కాదా అని తర్వాత వాదించుకుందాం. ముందు ఒక అంచున గోరు పెట్టి చూడండి.

కృష్ణగట్టు:
రెండు రోజులు ధైర్యం చాలలేదు. ఇవాళ పొద్దున పెట్టాను. లేచింది. ప్లాస్టిక్ కవరులా సాగుతూ, రెండు వేళ్ళ వెడల్పున ఊడి వచ్చింది. కింద పడవ ముక్కు, దాని మీద ఎర్ర గీత, చెక్కు చెదరలేదు. ఆ గీత నేను వేసిందేనా అనిపించింది, అంత తేలిగ్గా పడింది. ఇప్పుడైతే అలా లాగలేను.

అద్దంలో కూడా చూశాను. ముక్కు కింద నీడ సూటిగా నా వైపుకి పడి ఉంది. మన గట్టున నిలబడి సీతానగరం వైపు చూస్తే సూర్యుడు ఎడమచేతి వైపు లేస్తాడు, నీడ కుడికి పోవాలి. ఇన్నేళ్ళూ సతాయించింది పడవ కాదేమో.

బ్రోడీపేట మాస్టారు:
మొత్తం లాగెయ్యండి. మెల్లగా. నీడ ఒక్కటి దిద్దుకోండి.

సున్నా లేయర్:
మాస్టారూ! సంతకం పెట్టిన బొమ్మ మీద దిద్దొచ్చా?

బ్రోడీపేట మాస్టారు:
సూర్యుడు తప్పు దిక్కున లేస్తే అది వేరే కేసు.

రాళ్ళపిచ్చి:
నేనైతే సగం లాగి ఆపేస్తాను. సగం పడవ, సగం మంచు.

ఫ్రేముల షాపు:
అలా ఊగులాడే బొమ్మకి ఫ్రేము నేను కట్టను. కృష్ణగట్టు గారూ, వార్నిష్ తీయకపోవడమే మీ అదృష్టమైంది, మధ్యలో అదే అడ్డం నిలిచింది. లాగేటప్పుడు అడుగు రంగు వెంట వస్తున్నట్టుంటే అక్కడే ఆపండి. నీడ మాత్రం ఆయిల్‌తోనే దిద్దాలి, అక్కడ వార్నిష్ తీశాకే.

కృష్ణగట్టు:
అంటే మళ్ళీ టర్పెంటైన్ తెరవాలి. పాప దసరా సెలవులకి తెనాలి అమ్మమ్మ గారింటికి వెళ్తుంది, అప్పుడు చూస్తాను. ప్రస్తుతం గోడవైపు తిప్పి పెట్టాను. ఆ లేచిన ముక్కకి అప్పటిదాకా దుమ్ము పట్టకుండా ఏం కప్పాలి?

ఫ్రేముల షాపు:
బటర్ పేపర్. టేపు మాత్రం అంటించకండి.