మఠం పొగాకు ఫ్యాక్టరీ ఎట్లా అయింది? కుట్నా హోరా గురించి తెలిసినవాళ్లు చెప్పండి

కొండపి రైతు:
మూడు తరాలుగా మాది పొగాకు సేద్యమే. మా అమ్మాయి చెక్ దేశంలోని ప్రాగ్‌లో చదువుతోంది. పోయిన ఆదివారం కుట్నా హోరా అనే ఊరు చూసొచ్చి, రాత్రి ఫోన్ చేసింది. "నాన్నా, ఇక్కడ సెడ్లెట్స్ అనే పేటలో సన్యాసుల మఠం ఉండేది. ఇప్పుడందులో పొగాకు ఫ్యాక్టరీ" అంది. అప్పుడు నేను పొగాకు కాల్చే బ్యారన్ దగ్గరే ఉన్నా. పొద్దున మొక్కల నుంచి రెలిచిన ఆకు జిగురు ఇంకా వేళ్లకే ఉంది, సబ్బుకి కూడా పోదది. సన్యాసుల ఇంట్లోకి మన ఆకు ఎట్లా చేరింది? అప్పట్నుంచీ అదే ఆలోచన.

ఒంగోలు మాస్టారు, రిటైర్డ్:
మంచి ప్రశ్న అడిగావు నాయనా. 1142లో సిస్టర్షియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులు అక్కడ మఠం పెట్టారు. ఒళ్లొంచి పనిచేయడం వాళ్ల నియమం. 13వ శతాబ్దం చివర్లో ఆ చుట్టుపక్కలే వెండి పడింది. ఇక చూడు, 1300లో రాజు రెండో వాత్స్లావ్ ఆ వెండితో ప్రాగ్ గ్రోష్ నాణేలు కొట్టించాడు. ఊరికి మహర్దశ పట్టింది. 1421లో హుస్సైట్లు, అంటే చర్చి మీద తిరగబడ్డ యాన్ హుస్ అనుచరులు, మఠాన్ని తగలబెట్టారు. పెద్ద చర్చి దాదాపు 280 ఏళ్లు మొండిగోడలతో నిలబడింది. 1700 తర్వాత శాంతిని అనే శిల్పి దాన్ని మళ్లీ లేపాడు. అంత కష్టపడి కట్టుకున్నది నూరేళ్లు కూడా దక్కలేదు, నాకు బాధనిపించేది అక్కడే. బడో ఆసుపత్రో నడపకుండా ప్రార్థనలకే పరిమితమైన మఠాలు వద్దన్నాడు ఆస్ట్రియాతో పాటు ఆ ప్రాంతాన్నీ ఏలిన చక్రవర్తి రెండో జోసెఫ్. 1783లో ఇదీ మూతపడింది. మరుసటేడు ఆస్ట్రియాలో పొగాకు సర్కారు గుత్తాధిపత్యం కిందికి వెళ్లింది. ఇక్కడేమో అంత పెద్ద కట్టడం ఖాళీ. 1812లో పొగాకు ఫ్యాక్టరీ వచ్చింది.

కందుకూరు అమ్మాయి:
అన్నా, నేను వెళ్లాను అక్కడికి. అందరూ ఎముకల చర్చి చూసి రైలెక్కేస్తారు. సుమారు 40,000 మంది ఎముకలు, ప్లేగులో, యుద్ధాల్లో పోయినవాళ్లవి చాలా. 1870లో రింట్ అనే చెక్కపని ఆయన వాటిని పేర్చి, గోడ మీద తన పేరు కూడా ఎముకలతోనే రాశాడు. నాకైతే కాళ్లు వణికాయి. మీ అమ్మాయిని పెద్ద చర్చి కూడా చూడమనండి, దగ్గరే.

కొండపి రైతు:
మాస్టారూ, దండాలు. మఠం పోయినా అందులోకి వచ్చింది మన ఆకే అంటే ఆ ఊరు నాకు దగ్గరదైపోయింది. మా నాయన చెప్పులిప్పి గానీ బ్యారన్‌లోకి అడుగుపెట్టేవాడు కాదు. ఈసారి వెళ్లినప్పుడు ఆ గోడ పక్కన కాసేపు నిలబడి, ఆకు వాసన తగులుతుందేమో చూడమని అమ్మాయికి చెప్పా.